వంటశాలలో అంటు మాలిన్యం – దాని నివారణ

అన్నం పరబ్రహ్మ స్వరూపమని హిందువులు, రిజ్క్ అల్లాహ్ అనుగ్రహమని ముస్లిములు తరతరాలుగా విశ్వసిస్తూ వచ్చారు. దస్తర్‌ఖాన్ మీద పడిన మెతుకును తీసి తినడం, విస్తరిలో అన్నం వదలకుండా లేవడం రెండు ఇళ్లలోనూ పిల్లలకు మొదట నేర్పే మర్యాదలు. ఇంతటి గౌరవంతో స్వీకరించే ఆహారమే ఒక్కొక్కప్పుడు మనిషిని ఆసుపత్రి పాలు చేస్తున్నది. వండినవారికి దురుద్దేశం ఉండదు, సరుకులలో కల్తీ ఉండదు. అయినా కీడు జరుగుతుంది. కారణం వెదకబోతే ఒక కత్తి, ఒక చెక్క, ఒక మసిగుడ్డ, కడగని ఒక చేయి కనబడతాయి. ఈ విషయాన్ని గురించి మా విద్యార్థులకు, కళాశాల పాలక సంఘం వారికి నాలుగు మాటలు విన్నవించవలెనన్న కోరిక మాకు కలగడానికి ఒక సంఘటన కారణం.

కొంతకాలం క్రిందట రంజాన్ మాసంలో మా కళాశాల ఆవరణలో ఇఫ్తార్ విందు జరిగింది. అరవై మందికి పైగా హాజరైనారు. ఖర్జూరం, పండ్లు, హలీం విద్యార్థులే సమకూర్చుకున్నారు. బిర్యానీ, దానితో పాటు పెరుగు చట్నీ మాత్రం నగరంలోని ఒక హోటలు నుండి వచ్చాయి. మరునాటి మధ్యాహ్నం మొదలుకొని ఒక్కొక్కరుగా పదకొండు మంది వాంతులతో, విరేచనాలతో, జ్వరంతో మంచం పట్టారు. రోజా విడువవలసి వచ్చిందని బాధపడినవారు కొందరు. ఒకరికి సెలైను ఎక్కించారు. ఇద్దరు పరీక్ష వ్రాయలేకపోయారు. ఆ ఒక్క పేపరు కోసం వారికి ఏడాది కాలం వృథా అయింది.

అందరూ మొదట నిందించినది బిర్యానీలోని మాంసాన్ని. ముక్క సరిగా ఉడికి ఉండదని ఒకరు, మాంసం నిలవదై ఉంటుందని మరొకరు. సూక్ష్మజీవశాస్త్రం బోధించేవారము, చదివేవారము కలసి ఒక కాగితం మీద గడులు గీసి, విందుకు వచ్చిన ప్రతివారినీ ఏమేమి తిన్నారో అడిగి గుర్తులు పెట్టుకున్నాము. బిర్యానీ దాదాపు అందరూ తిన్నారు. జబ్బు పడనివారిలో చాలామంది కడపటి పంక్తిలో కూర్చున్నవారు. వారు కూర్చునే వేళకు బిర్యానీ ఉన్నది గాని పెరుగు చట్నీ అయిపోయింది. మంచం పట్టిన పదకొండు మందీ ఆ చట్నీ వేసుకున్నవారే.

ఆ హోటలు వంటవారిలో ఒకరు మా విద్యార్థికి బంధువు. ఆయన అరమరికలు లేకుండా చెప్పిన సంగతి ఇది: చట్నీలోకి ఉల్లిపాయ, పచ్చిమిరప, కొత్తిమీర తరిగినది ఉదయం కోడిమాంసం కోసిన చెక్క మీదనే. అయితే చెక్కను కడగలేదనకూడదు. నీళ్లు పోసి కడిగారు, గుడ్డతో తుడిచారు. ఆ గుడ్డ ఏ గుడ్డ అని మేము అడిగితే ఆయన నవ్వి ఊరకున్నారు. చట్నీని ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించే అవకాశం లేకపోయింది. గిన్నెలు అప్పటికే తోమి బోర్లించారు. కనుక దీనిని రుజువైన విషయమని మేము అనము. కాని మా గడుల కాగితం, ఆయన చెప్పిన మాట ఒకదానికొకటి పొసగినవి.

ఇట్లు ఒక పదార్థంలోని రోగకారక క్రిములు వేరొక పదార్థానికి చేరడాన్ని ఆంగ్లంలో క్రాస్ కంటామినేషన్ అంటారు. తెలుగు వాడుకలో దీనికి ఒక మాట స్థిరపడలేదు కనుక ఈ వ్యాసంలో అంటు మాలిన్యం అని వ్యవహరిస్తాము. ఈ పేరు ఊరక తోచినది కాదు. తిని విడిచిన పాత్రలను తెలుగువారు అంట్లు అంటారు. కంటికి శుభ్రంగా కనబడినా వాటికి ఏదో అంటి ఉన్నదన్న ఎరుక ఆ మాటలోనే ఉన్నది. ఎంగిలి, మడి అన్నవి ఒక ఇంటి మాటలైతే, ఝూటా, పాకీ, తహారత్ మరొక ఇంటి మాటలు. నిద్ర లేచినవారు చేతులు కడుగుకొననిదే నీటి పాత్రలో చేయి ముంచరాదని, రాత్రివేళ పాత్రలకు మూతలు పెట్టవలెనని చెప్పే హదీసులు మా విద్యార్థులలో చాలామందికి తెలిసినవే. సూక్ష్మదర్శిని పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే, కనబడని మలినం చేతి ద్వారా నీటికి చేరగలదన్న జాగ్రత్త ఈ ఆచారాలలో ఉన్నది.

ఈ సందర్భంలో ఒక చేదు మాట కూడా చెప్పక తప్పదు. మన దేశంలో అంటు అన్న పదాన్ని మనుషులకు అంటగట్టిన పాపం ఉన్నది. ఫలానావారు వండితే తినరాదు, ఫలానావారు తాకితే మైల అన్నది ఆరోగ్య సూత్రమని ఎవరైనా వాదిస్తే అది వట్టి బుకాయింపు. సాల్మొనెల్లా క్రిమి వంటవాని పుట్టుకను విచారించదు. అతడు మరుగుదొడ్డి నుండి వచ్చి సబ్బుతో చేయి కడిగినాడా లేదా అన్నదే దానికి కావలసిన సమాచారం. దూరంగా ఉంచవలసినది పచ్చిమాంసాన్ని.

ఇక శాస్త్ర విషయానికి వద్దాము. కోడి, మేక, పశువుల ప్రేగులలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్, కొన్ని రకాల ఇ. కోలై వంటి క్రిములు సహజంగానే నివసిస్తాయి. జంతువుకు వాటివలన బాధ ఉండకపోవచ్చు. కోసి శుభ్రపరచే సమయంలో అవి మాంసం పైభాగానికి చేరుతాయి. అందుచేత ఎంత తాజా మాంసమైనా, ఎంత ధర్మబద్ధంగా జబీహా చేసినదైనా, పచ్చిగా ఉన్నంతవరకు దానిమీద క్రిములు ఉన్నాయనే భావించవలెను. వాటిని చంపేది అగ్ని. మాంసపు ముక్క నడిమి భాగం 75 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరితే ఈ క్రిములు చనిపోతాయి. దమ్ము మీద ఉన్న బిర్యానీ దేగులో, గంటల తరబడి భట్టీపై ఉడికి దంపబడిన హలీంలో ఇవి మిగిలే అవకాశం మిక్కిలి తక్కువ. విందులో అందరూ అనుమానించే వంటకం సాధారణంగా అన్నిటికంటె క్షేమమైనదన్న మాట!

అపాయం అగ్ని దాటని పదార్థాలలో ఉన్నది. అగ్ని దాటిన తరువాత మరల మలినం అంటిన పదార్థాలలో ఉన్నది. హలీం గిన్నె మీద చల్లే కొత్తిమీర, పుదీనా, పిండే నిమ్మబద్ద, బిర్యానీ ప్రక్కన పెట్టే ఉల్లిచక్రాలు, పెరుగు చట్నీ, కబాబు క్రింద పరచే కీరా ముక్కలు ఇవన్నీ పొయ్యి ముఖం చూడకుండానే నోటికి వచ్చేవి. వీటిని తరిగిన చెక్కమీద పచ్చిమాంసపు రసం ఒక్క బొట్టు ఉన్నా, ఆ బొట్టులోని క్రిములను చంపేవారు మరి లేరు.

పెరుగులో పులుపు ఉన్నది, అది క్రిములను చంపదా అని మా విద్యార్థి ఒకరు అడిగారు. పులుపు వృద్ధిని కొంత అరికడుతుంది. అయితే నీళ్లు, ఉల్లిపాయలు కలిపి పలుచన చేసి, వేసవి వేడిలో గంటల తరబడి ఉంచిన చట్నీ విషయంలో దానిమీద భారం వేయరాదు. అనుకూలమైన వెచ్చదనంలో బాక్టీరియా ఇంచుమించు ఇరవై నిమిషాలకొకసారి రెండింతలవుతుంది. ఒక్క క్రిమి ఏడు గంటలలో 20 లక్షలు దాటుతుంది. 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపల ఉన్న వెచ్చదనాన్ని అపాయకరమైన మండలమని ఆహార శాస్త్రజ్ఞులు పిలవడానికి కారణం ఇదే. కొన్ని క్రిములకు ఈ పెరుగుదల కూడా అక్కరలేదు. షిగెల్లా క్రిములు పది మొదలు వంద లోపల ఉన్నా చాలు, మనిషిని పడవేయగలవు.

చేతి ద్వారా అంటే మాలిన్యానికి చరిత్రలో పేరుమోసిన ఉదాహరణ మేరీ మాలన్ అనే వంటమనిషి కథ. ఈమె ఐర్లండు నుండి అమెరికాకు వలస వచ్చిన పేదరాలు. 1906 వేసవిలో న్యూయార్కు సమీపాన ఆయిస్టర్ బే అనే చోట ఒక ధనికుని అద్దె ఇంటిలో ఉన్న పదకొండు మందిలో ఆరుగురికి టైఫాయిడు వచ్చింది. జార్జి సోపర్ అనే పారిశుధ్య నిపుణుడు నీటిని, పాలను, చేపలను పరీక్షించి దోషం కానక, చివరకు ఆ ఇంటిలో కొత్తగా చేరి వెళ్లిపోయిన వంటమనిషిని వెదికి పట్టుకున్నాడు. ఆమె అంతకుముందు పనిచేసిన ఇళ్లలో కూడా టైఫాయిడు వెంటనంటి వచ్చినట్లు తేలింది. ఆమెకు జబ్బు లక్షణాలేవీ లేవు. క్రిములు మాత్రం ఆమె శరీరంలో నివసిస్తూ ఉండేవి. వండిన కూరల వేడికి అవి చనిపోయేవి. అయితే ఆమె చేతిమీదుగా తయారయ్యే ఒక ప్రశస్తమైన వంటకం ఉండేది. పచ్చి పీచ్ పండ్ల ముక్కలు కలిపిన ఐస్‌క్రీము. అది పొయ్యి ఎక్కేది కాదు.

1907లో ప్రభుత్వం ఆమెను ఒక ద్వీపంలోని ఆసుపత్రిలో నిర్బంధించింది. ఇక వంట చేయనని మాట ఇచ్చిన మీదట 1910లో విడిచిపెట్టింది. 1915లో న్యూయార్కులోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి టైఫాయిడు సోకినప్పుడు, అక్కడి వంటశాలలో మారుపేరుతో పనిచేస్తున్నది ఈమెయే అని బయటపడింది. 1938లో మరణించేవరకు మరల ఆమెకు స్వేచ్ఛ లభించలేదు. ఆమెది తప్పు కాదని మేము అనము. కాని అదే కాలంలో ఆమెవలెనే క్రిములను మోసేవారు ఇతరులు అనేకులు బయట తిరుగుతుండగా, వేరే బ్రతుకుతెరువు చూపకుండా ఒక పేదరాలిని జీవితాంతం బంధించిన తీరు మాకు న్యాయంగా తోచదు. మన దేశపు ఆహార భద్రతా నిబంధనలు ఆహారశాలలో పనిచేసే ప్రతివారికీ సంవత్సరానికొకసారి వైద్య పరీక్ష, టైఫాయిడు వర్గపు జబ్బులకు టీకా ఉండవలెనని విధిస్తున్నవి. ఆ పరీక్ష ఖర్చు యజమాని భరించి, జబ్బుపడిన రోజులకు జీతం కోయకుండా ఉంటే తప్ప ఏ పనివాడూ నాకు విరేచనాలు అవుతున్నవని నోరు విప్పడు. కూలి పోతుందన్న భయమే చాలా వంటశాలలలో క్రిములకు రక్షణ కవచంగా ఉన్నది.

యంత్రం ద్వారా అంటే మాలిన్యానికి మరొక ఉదాహరణ. బ్రిటన్‌లోని దక్షిణ వేల్స్ ప్రాంతంలో 2005 సెప్టెంబరులో పాఠశాలల మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలకు ఇ. కోలై ఓ157 అనే దారుణమైన క్రిమి సోకింది. మొత్తం 157 మంది జబ్బు పడ్డారు. నలభైకి పైగా పాఠశాలలకు ఇది ప్రాకింది. ఐదేళ్ల బాలుడు ఒకడు మరణించాడు. పాఠశాలలకు వండిన మాంసం సరఫరా చేసిన వర్తకుడు, గాలి తీసి సంచులు మూసే యంత్రం ఒక్కదానినే పచ్చిమాంసానికీ, వండిన మాంసానికీ వాడుతుండేవాడు. మాంసం ఉడికినదే. ఉడికిన తరువాత పచ్చిమాంసం కూర్చున్న పీట మీద అది మరల కూర్చున్నది. ఆ వర్తకునికి కారాగార శిక్ష పడింది. ప్రొఫెసర్ హ్యూ పెన్నింగ్టన్ అధ్యక్షతన జరిగిన బహిరంగ విచారణ నివేదిక 2009లో వెలువడింది. అంతకుముందు 1996లో స్కాట్లండులోని విషా పట్టణంలో ఇదే క్రిమి ప్రబలి అనేకులను బలిగొన్నప్పుడు విచారణ జరిపినదీ ఈ ప్రొఫెసరుగారే. రెండవ యంత్రం కొనే ఖర్చు తప్పించుకోవాలన్న చిన్న ఆశకు ఒక పసివాని ప్రాణం వెల అయింది.

ఇప్పుడు మన నగరపు వంటశాలలోకి వద్దాము. చార్మినారు ప్రాంతం కానీయండి, సికింద్రాబాదు కానీయండి, హోటలు ముందుభాగంలో అద్దాలు, దీపాలు ఎన్ని ఉన్నా వంటశాల సాధారణంగా ఇరుకు. చిన్నగదిలో నలుగురు ఉస్తాదులు, అరడజను మంది కుర్రవాళ్లు, ఒక కుళాయి, ఒక సింకు, ఒక చెక్కమొద్దు. స్థలం లేకపోవడమే అంటు మాలిన్యానికి తల్లి. కాబట్టి నివారణోపాయాలు కూడా ఇరుకులో సాగేవిగా ఉండవలెను.

కోడిమాంసం కడగడం విషయమే తీసుకుందాము. పచ్చికోడిని కుళాయి క్రింద కడగవద్దని పాశ్చాత్య దేశాల ఆరోగ్య శాఖలు ప్రచారం చేస్తున్నవి. తుంపరలు ఎగిరి చుట్టుప్రక్కల గిన్నెల మీద పడతాయని వారి భయం. అమెరికా వ్యవసాయ శాఖ 2019లో ప్రకటించిన పరిశీలనలో, గుర్తు కోసం నిరపాయకరమైన బాక్టీరియా కలిపిన కోడిముక్కలను కొందరి చేత వండించి చూశారు. కడిగినవారిలో 60 శాతం మంది సింకులలో ఆ క్రిములు దొరికినవి. 26 శాతం మంది తయారుచేసిన పచ్చికూరల సలాడులోకి కూడా చేరినవి. ఇంతవరకు అందరూ చెబుతారు. చెప్పని మాట ఒకటి ఉన్నది. కడగనివారిలో కూడా 31 శాతం మంది సలాడులోకి క్రిములు చేరినవి. అనగా కడగడం మానినంత మాత్రాన పని ముగియలేదు. మాంసం పట్టిన చేతులను సరిగా కడుగుకొనకపోవడం అసలు లోపం.

మన బజారులో అప్పుడే కోసి ఇచ్చిన కోడికి నెత్తురు, ఈకల ముక్కలు అంటి ఉంటాయి. దానిని కడగకుండా దేగులో వేయమని ఏ ఉస్తాదుకైనా చెప్పి చూడండి, మిమ్మల్ని వంటశాల నుండి సాగనంపుతారు! ఈ విషయంలో మేము ఉస్తాదు పక్షమే. అయితే ధారగా కుళాయి విప్పి కడగరాదు. లోతైన బేసినులో నీళ్లు పోసి, అందులో ముక్కలను ముంచి, నెమ్మదిగా కదిపి, నీటిని నేలమట్టపు తూములోకి వంచవలెను. ఆ పని జరిగే చోట చేతికి అందే దూరంలో ఆకుకూర గాని, కడిగిన పళ్లెం గాని ఉండరాదు. అన్నిటికంటె సులువైన ఉపాయం కాలాన్ని విభజించుకొనడం. ఉదయం వంటశాల తెరవగానే ముందు కూరగాయలు, ఆకులు కడిగి తరిగి మూతపెట్టి లోపల ఉంచి, ఆ తరువాతనే మాంసం గడప దాటి రావలెను. రెండు గదులు కట్టలేనివారు రెండు వేళలైనా పాటించగలరు. దీనికి పైసా ఖర్చు లేదు.

చెక్కల విషయంలో పెద్ద హోటళ్లవారు రంగులు వాడుతారు. ఎరుపు పచ్చిమాంసానికి, నీలం చేపలకు, ఆకుపచ్చ సలాడుకు, పండ్లకు అని సాధారణంగా వాడుక. పసుపు మాత్రం ఒక దేశంలో వండిన మాంసానికి, మరొక దేశంలో పచ్చికోడికి గుర్తు. అందుచేత ఏ రంగు దేనికో గోడమీద వ్రాసి పెట్టని వంటశాలలో రంగులు కేవలం అలంకారం. చెక్క మంచిదా, ప్లాస్టిక్ మంచిదా అన్న వాదం కూడా ఉన్నది. 1994లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగాలలో చెక్కమీద వేసిన క్రిములు లోపలికి ఇంకి చాలావరకు నశించగా, కత్తిగాట్లు పడిన ప్లాస్టిక్ పలకను శుభ్రపరచడం కష్టమైనది. దీనిని బట్టి చెక్కకు అభయం ఇచ్చినట్లు కాదు. గాట్లు పడి నోళ్లు తెరిచినది ఏదైనా పారవేయవలసినదే. కడిగే పద్ధతిలో కూడా ఒక వరుస ఉన్నది. ముందు సబ్బుతో రుద్ది జిడ్డు పోగొట్టవలెను. తరువాత మరిగే నీరు గాని, పలుచని క్లోరిన్ ద్రవం గాని పోయవలెను. పిమ్మట నిలబెట్టి గాలికి ఆరనివ్వవలెను. జిడ్డు ఉండగా క్లోరిన్ పోస్తే క్రిములు ఆ జిడ్డును గొడుగుగా పట్టుకుంటాయి.

ఆరనివ్వక గుడ్డతో తుడిస్తే ఈ శ్రమ అంతా బూడిదలో పోసిన పన్నీరే. మసిగుడ్డ మన వంటశాలలకు రాజు. అదే గుడ్డతో వేడి దేగు దింపుతారు, మాంసపు బల్ల తుడుస్తారు, చెమట తుడుచుకుంటారు, చివరకు గిరాకీ ముందు పెట్టే పళ్లెం అంచున ఒలికిన సేర్వాను కూడా దానితోనే తుడుస్తారు. తడిగా, వెచ్చగా, జిడ్డుగా ఉన్న గుడ్డ క్రిములకు పుట్టిల్లు. పళ్లేలకు వేరు గుడ్డ, బల్లకు వేరు గుడ్డ, రెండింటినీ ప్రతిదినం ఉడకబెట్టడం. వంటశాలలో ఈ ఒక్క మార్పు చేయించగలిగినా మా వ్యాసం సార్థకమని మేము తలుస్తాము.

చేతి తొడుగుల మోజు ఇటీవల పెరిగింది. తొడుగు వేసుకొని పచ్చికోడికి మసాలా పట్టించి, అదే తొడుగుతో నోట్లు లెక్కపెట్టి, అదే తొడుగుతో రుమాలీ రొట్టె మడిచి ఇచ్చే దృశ్యం మేము చాలాచోట్ల చూశాము. తొడుగు చేతిని కాపాడుతున్నది, తినేవారిని కాదు. సబ్బుతో ఇరవై సెకన్లు కడిగిన వట్టి చేయి దీనికంటె మేలు.

కబాబు భట్టీ దగ్గర మరొక సూక్ష్మం ఉన్నది. సీకులకు గుచ్చిన మాంసం కాలుతుండగా, ఊరవేసిన పచ్చి మసాలానే కుంచెతో మరల పైన పూస్తారు. దించే ముందు చివరిసారి పూసిన పూత కాలదు. పూతకు కావలసిన మసాలాను మాంసం వేయకముందే వేరు గిన్నెలోకి తీసి ఉంచుకుంటే సరిపోతుంది. పచ్చిముక్కను పెట్టిన పట్టకారుతో కాలిన ముక్కను తీయడం కూడా ఇటువంటిదే. ఫ్రిజ్‌లో వండినవి పై అరలోను, పచ్చిమాంసం అన్నిటికంటె క్రింది అరలోను, రెండూ మూతలతో ఉండవలెను. రసం క్రిందికి కారుతుంది గాని పైకి ఎక్కదు గదా.

షవర్మా గురించి ప్రత్యేకంగా చెప్పవలెను, ఎందుకనగా మా విద్యార్థులకు అది నిత్యాహారం. నిలువు కడ్డీ మీద మాంసం బయటి పొర కాలుతుండగా లోపలిది పచ్చిగానే ఉంటుంది. గిరాకీ ఎక్కువైన వేళ కత్తి లోతుకు పోతుంది, పచ్చి రసం క్రింది పళ్లెంలో పడిన ముక్కలను తడుపుతుంది. వాటిని పెనం మీద మరల వేయించి ఇస్తే భయం లేదు. తిన్నగా రొట్టెలో చుడితే ఉన్నది. 2022 మే నెలలో కేరళలోని కాసరగోడు జిల్లా చెరువత్తూరులో షవర్మా తిని పదహారేళ్ల విద్యార్థిని మరణించింది. పరీక్షలలో షిగెల్లా, సాల్మొనెల్లా బయటపడినవి. షవర్మాకు తోడుగా వచ్చే మేయొనీజు పచ్చి గుడ్లతో చేసినదైతే అపాయం రెండింతలు. గుడ్డు పెంకు మీది క్రిములు పగలగొట్టే చేతితోనే గిన్నెలోకి దిగుతాయి. ఆ గిన్నె కూడా పొయ్యి ఎక్కదు. 2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిన్నవారు అనేకులు జబ్బుపడి ఒక మహిళ మరణించిన తరువాత, ఆ నెల 30వ తేదీన తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్ల మేయొనీజును ఒక సంవత్సరం పాటు నిషేధించింది. అదే సంవత్సరం ఆహార భద్రతా అధికారులు నగరంలోని హోటళ్లను వరుసగా తనిఖీ చేసి తమ పరిశీలనలను బహిరంగంగా ప్రకటించినప్పుడు, పచ్చిమాంసం, వండిన పదార్థాలు ఒకే ఫ్రిజ్‌లో మూతలు లేకుండా ఉన్నవన్న ఫిర్యాదు పదే పదే కనబడింది. పేరున్నవా, లేనివా అన్న భేదం ఇందులో లేదు.

వేరుశనగ, జీడిపప్పు, నువ్వుల వంటివి పడనివారికి జరిగే కీడు మరొక తరగతికి చెందినది. అక్కడ అంటుకునేది క్రిమి కాదు, ఆ పదార్థమే. కనుక వేడివలన పోదు. సల్లన్ గరిటెను దాల్చాలో ముంచినా వేరుశనగ అందులోకి చేరినట్లే. వడ్డించేవాడు అడిగినవారికి నిజం చెప్పగలగడమే దీనికి మందు.

ఈ విద్యను చులకనగా చూడవద్దని విద్యార్థులకు మా మనవి. 2006 నాటి ఆహార భద్రతా చట్టం క్రింద మన దేశంలో ప్రతి 25 మంది వంటశాల పనివారికి శిక్షణ పొందిన పర్యవేక్షకుడు ఒకరు ఉండవలెనని విధానం. దుబాయి మునిసిపాలిటీ కూడా ప్రతి ఆహారశాలలో ధ్రువపత్రం పొందిన బాధ్యుడు ఒకరు ఉండవలెనని నియమించింది. మన జిల్లాల నుండి గల్ఫు వంటశాలలకు వెళ్లే యువకులు ఎందరో. అంట్లు తోమే పనిలో చేరి, ఈ నాలుగు సూత్రాలు ముందుగానే తెలిసి ఉన్నందున త్వరగా పైకి వచ్చినవారు మా పూర్వ విద్యార్థులలోనే ఉన్నారు.

పాలక సంఘం వారికి మా విన్నపం పెద్దది కాదు. కళాశాల క్యాంటీనుకు రెండవ సింకు ఒకటి, చేతులు కడిగే చోట ఎల్లప్పుడూ సబ్బు, రెండు చెక్కలు, డజను గుడ్డలు. వీటిలో చెక్కలు, గుడ్డలు విద్యార్థులు చందా వేసుకొని ఇప్పటికే తెచ్చారు. ఉత్సాహవంతుడైన ఒక విద్యార్థి ఒక చెక్క మొత్తానికి ఆకుపచ్చ ఎనామెలు రంగు పూసి తెచ్చాడు. మొదటి రోజే కొత్తిమీరతో పాటు రంగు కూడా తరిగి వచ్చింది. దానిని పారవేసి, కొత్తచెక్క పిడికి మాత్రం ఆకుపచ్చ దారం చుట్టించాము. క్యాంటీను ఉస్తాదుగారు మొదట ఈ తతంగమంతా చూసి, ముప్పై ఏళ్లుగా వండుతున్నాను, నా చేతి వంట తిని ఎవరికీ ఏమీ కాలేదని చిన్నబుచ్చుకున్నారు. మేము ఆయనకు గడుల కాగితం చూపించాము. చాలాసేపు చూసి, చట్నీ గడిలో వరుసగా ఉన్న పదకొండు గుర్తులను వ్రేలితో లెక్కపెట్టి, కాగితం మడిచి మాకు ఇచ్చివేశారు. ఈ సంవత్సరం ఇఫ్తారుకు బిర్యానీ ఆయనే వండారు. ఆ రోజు అసర్ నమాజు వేళకు మేము వంటశాలకు వెళ్లేసరికి మాంసం ఇంకా గడప బయటనే ఉన్నది. ఆయన తలుపు వద్ద నిలబడి, పుదీనా తరగడం అయిందా అని లోపలివారిని అడుగుతున్నారు.